ముప్ఫై వోల్టుల పరువు

పది గ్రాముల బంగారం ధర 2025లో లక్ష రూపాయలు దాటిన దగ్గర్నుంచి తెలుగు సమాజాన్ని ఒకే ధర్మసందేహం పీడిస్తోంది. బంగారం కొనలేనివాళ్లు బంగారంలా మెరిసేదెలా? ఆర్థికవేత్తలు దీనికి జవాబు చెప్పలేదు. నగల దుకాణాలు చెప్పాయి గానీ నెలవారీ వాయిదాల్లో చెప్పాయి. అసలు జవాబేమో ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు వేలాడేసుకుని బల్ల మీద ఓ మూల కూర్చుని ఉంది. కరెంటుతో ఒక లోహం మీద మరో లోహపు పూత (ప్లేటింగ్) వేయడానికి వాడే ఆ పెట్టెను ప్లేటింగ్ పవర్ సప్లై అంటారు. పాత పనివాళ్లకు అది రెక్టిఫైయర్. ఆ పెట్టెకు దక్కాల్సిన గౌరవం దక్కలేదని, ప్రతి ఇంటికీ ఒకటి చొప్పున ప్రభుత్వమే పంపిణీ చేయాలని కోరడానికి ఈ వ్యాసకర్త కలం పట్టాడు.

ఈ విద్య వంశవృక్షం చిన్నదేమీ కాదు. వోల్టా బ్యాటరీ లోకానికి తెలిసిన అయిదేళ్లకే, 1805లో, లుయీజీ బ్రుగ్నాతెల్లి అనే ఇటలీ రసాయన శాస్త్రవేత్త దాంతో వెండి పతకాలకు బంగారు పూత వేశాడు. గమనించండి, పతకాలకు! గిన్నెకో గరిటెకో వేయాలని ఆయనకు తోచలేదు. ఎలక్ట్రోప్లేటింగ్ సన్మాన సభల కోసమే పుట్టిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు సైనైడ్ ద్రావణంతో పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండు మధ్యతరగతి ఇళ్లలో వెండిలాంటి చెంచాలు వెలిశాయి. మనకు మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఉండనే ఉంది. అక్కడి కవరింగ్ నగలు పెట్టుకుని ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది ఎంత నిబ్బరంగా ఫొటో దిగారో లెక్క తేల్చడానికి ఏ కమిషనూ వేయలేదు. వేస్తే ఆ నివేదికను బయట పెట్టరు.

ఇక పెట్టె సంగతి. గోడలోంచి వచ్చే, అటూ ఇటూ ఊగే 230 వోల్టుల ఏసీ కరెంటును పుచ్చుకుని, దాన్ని ఒకే వైపు పారే రెండు మూడు వోల్టుల డీసీగా మార్చి ఇవ్వడం దాని ఉద్యోగం. ఒకప్పుడు ఈ ఉద్యోగంలో మహాకాయుడైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేవాడు. ఆయన్ని పక్కకు జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఇప్పటి పెట్టెలు కరెంటును సెకనుకు పదుల వేలసార్లు తెంచి కలుపుతాయి. తెంచే వేగం పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి దిమ్మ చిన్నదైనా సరిపోతుంది కాబట్టి, సరంజామా మొత్తం ఒక టిఫిన్ క్యారియర్ పట్టే జాగాలో ఇమిడిపోయింది. ఒళ్లు తగ్గించుకుని కూడా పాత పనంతా చేసే వ్యవస్థ ఒకటుందని మన కార్యాలయాలకు చూపించడానికైనా, ప్రతి కలెక్టరేట్ గుమ్మంలో ఒక పెట్టె పెట్టవచ్చు.

వోల్టులంటే కరెంటును తోసే బలం, ఆంపియర్లంటే ఎంత కరెంటు పారుతోందన్న లెక్క. అయితే కొనేవాళ్లు పెట్టె మీద చూసేది ఒక్కటే: ఎన్ని వోల్టులు? "పక్కింటాయన పదిహేను వోల్టులది కొన్నాడట, మనం ముప్ఫై వోల్టులది తీసుకుందాం" అంటారు. సుమారు అదే డబ్బుకు ఒకవైపు ముప్ఫై వోల్టులు, అయిదు ఆంపియర్ల పెట్టె, మరోవైపు పదిహేను వోల్టులు, ఇరవై ఆంపియర్ల పెట్టె ఉన్నాయనుకోండి. మనవాడి చెయ్యి తడబడకుండా ముప్ఫై మీద పడుతుంది. పూత వేసే లోహం కరిగి ఉన్న ద్రావణపు తొట్టిలో వస్తువును ముంచి కరెంటు పంపుతారు; బంగారు పూత తొట్టికి కావలసింది రెండు నుంచి నాలుగు వోల్టులు. నికెల్ తొట్టికి మహా అయితే ఆరు. మిగతా ఇరవై నాలుగు వోల్టులు ఏం చేస్తాయి? పరువు కాపాడతాయి. లేటెస్ట్ ఫోన్‌లో నూట యాభై యాప్‌లు ఉంచుకుని అమ్మకు ఫోన్ చేయడానికే వాడినట్టు, అవి లోపల భద్రంగా పడి ఉంటాయి.

తొట్టి అడిగే ప్రశ్న వేరు. నీ వస్తువు ఎంత విస్తీర్ణం, దానికి ఎన్ని ఆంపియర్లు? నికెల్ పూతకు చదరపు డెసిమీటరుకు, అంటే అరచేతికి కాస్త అటూ ఇటూగా ఉండే జాగాకు, మూడు ఆంపియర్లు అనుకుందాం. రెండు చదరపు డెసిమీటర్ల వస్తువు తెచ్చారు. ఆరు ఆంపియర్లు కావాలి. మన ముప్ఫై వోల్టుల పెట్టె అయిదు దగ్గర ఆగిపోయి దణ్ణం పెడుతుంది. అదే చిన్న ఉంగరం తెచ్చి, "ఇంత పెట్టె ఉంచుకుని కక్కుర్తి దేనికి?" అని బటన్ చివరిదాకా తిప్పితే, పూత నల్లగా, పొడి పొడిగా, అంచుల దగ్గర మరీ ఘోరంగా వస్తుంది. పనివాళ్లు దాన్ని "కాలింది" అంటారు. మంట లేకుండా, నీళ్లలో మునిగి ఉండగా కాలడం ఒక్క ప్లేటింగ్‌లోనే సాధ్యం. దీన్ని కూడా ఘనతగా చెప్పుకోవచ్చు.

ఇంత హంగామాలో మనం పట్టించుకోని విషయం ఒకటుంది. ప్లేటింగ్ వ్యాపారంలో నూటికి నూరు పాళ్లు నిజాయితీపరుడెవరైనా ఉంటే, అది ఆ కరెంటే. ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1830ల్లో రాసిపెట్టిన లెక్క ప్రకారం, ఒక ఆంపియర్ ఒక గంట పారితే సైనైడ్ తొట్టిలో 7.35 గ్రాముల బంగారం వస్తువు మీదకు చేరుతుంది. వెండి అయితే నాలుగు గ్రాములు, నికెల్ అయితే గ్రాము పైచిలుకు. సిఫారసు ఉత్తరం తెచ్చినా మరో మిల్లీగ్రాము పెరగదు. పై అధికారి ఫోన్ చేసినా తగ్గదు. మామూళ్లు ఇవ్వజూపితే ఎవరికివ్వాలో అర్థం కాదు. ఇలాంటి గుమాస్తా రెండు శతాబ్దాలకు దగ్గరగా పనిచేస్తుంటే ఒక్క ప్రభుత్వమూ పద్మశ్రీకి సిఫారసు చేయకపోవడం విచారకరం.

ఆ గుమాస్తా లెక్క పుస్తకం ఇంకొంచెం తిరగేద్దాం. ఒక ఆంపియర్ చొప్పున ఒక గ్రాము బంగారం ఎక్కడానికి ఎనిమిది నిమిషాలు చాలు. మూడు వోల్టుల దగ్గర దానికయ్యే విద్యుత్తు అర వాట్-అవర్ కూడా ఉండదు. మీటరు మీద ఒక యూనిట్ (వెయ్యి వాట్-అవర్లు) తిరిగేలోపు, అంతా పుస్తకంలో ఉన్నట్టే సాగితే, దాదాపు రెండున్నర కిలోల బంగారం వస్తువుల మీదకు చేరుతుంది. పెట్టె తినేసే నష్టం తీసేసి రెండు కిలోలు అనుకోండి. కరెంటు ఖర్చు పది రూపాయల లోపు. బంగారం ఖర్చు రెండు కోట్లు పైనే. కాబట్టి "కరెంటు చార్జీలు పెరిగాయి, అందుకే నగల రేటు పెంచాం" అనే దుకాణదారుడి లెక్కల ప్రతిభను మనసారా మెచ్చుకోవాలి.

వన్ గ్రామ్ గోల్డ్ అనే మహత్తర ఆవిష్కరణ కూడా ఇక్కడే బోధపడుతుంది. మైక్రాన్‌లో (అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో) పదో వంతు మందాన పూత వేస్తే ఒకే ఒక్క గ్రాము అర చదరపు మీటరు పైన పరుచుకుంటుంది. అంత జాగాలో ఎన్ని హారాలు, ఎన్ని వడ్డాణాలు పడతాయో పాఠకులే ఊహించుకోవచ్చు. గ్రాము ఉన్నమాట నిజమే. ఆ గ్రాము ఒక్క నగదా, వీధిలో అందరి నగలదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు కూడా.

ఇంత నిక్కచ్చి ఫారడే శాఖలోనూ ఒక విభాగం పరువు తీస్తోంది. అది క్రోమియం. క్రోమిక్ ఆమ్లపు తొట్టిలో పంపిన కరెంటులో నూటికి పది నుంచి ఇరవై పాళ్లు మాత్రమే లోహాన్ని అంటిస్తుంది. మిగతాదాంట్లో చాలా భాగం హైడ్రోజన్ బుడగలై గాల్లోకి పోతుంది. ప్రజల కోసం ఖర్చు పెట్టే రూపాయిలో పదిహేను పైసలే వారికి చేరుతున్నాయని 1985లో రాజీవ్ గాంధీ అన్నారు. ఆ సంఖ్య క్రోమ్ తొట్టికి అచ్చంగా సరిపోవడం కాకతాళీయమని మన నాయకులు ప్రకటించే లోపే చెప్పేస్తున్నాను: కనీసం తొట్టిలో ఆ బుడగలు కంటికి కనిపిస్తాయి.

ప్రతి ఇంటికీ రెక్టిఫైయర్ ఇచ్చాక ఉపయోగాలకు కొదవుండదు. ముఖ్యంగా సన్మానాలకు. ఇప్పుడు మెమెంటోలు ముందే చేయించి తెస్తున్నారు. దానివల్ల ముఖ్య అతిథి ఉపన్యాసం సమయం వృథా అవుతోంది. అదే వేదిక మీదే నికెల్ తొట్టి పెట్టి, అతిథి మైకు అందుకోగానే స్విచ్ వేశామనుకోండి. చదరపు డెసిమీటరుకు మూడు ఆంపియర్ల లెక్కన, నలభై నిమిషాల ప్రసంగానికి సుమారు ఇరవై మూడు మైక్రాన్ల నికెల్ పడుతుంది. ఎండావానల్లో తిరిగే వస్తువుకు కూడా గౌరవప్రదమైన మందమే. "నేను ఎక్కువ సమయం తీసుకోను" అని మొదలుపెట్టే వక్తల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. వాళ్లు దిగేసరికి మెమెంటో పట్టుకోలేనంత బరువెక్కుతుంది.

ఎర్ర వైరు, నల్ల వైరు సంగతి కూడా పాలకులు అధ్యయనం చేయదగ్గది. వస్తువు నల్ల వైరుకు తగిలించాలి. పొరపాటున ఎర్ర వైరుకు తగిలిస్తే పూత పడకపోగా వస్తువే కరిగి తొట్టిలోకి పోతుంది, ద్రావణం కూడా పాడవుతుంది. అదే వైర్ల మార్పును సబ్బులాంటి క్షార ద్రావణంలో కావాలని కాసేపు చేస్తే ఇనుప వస్తువు మీది జిడ్డు, మురికి ఊడొస్తాయి. దాన్ని రివర్స్ క్లీనింగ్ అంటారు. ఫైళ్లు కదలని శాఖలన్నిటికీ ఏటా ఒక్క నిమిషం ఇది చేయించాలని నా సవినయ సూచన. ఒక్క నిమిషమే. అంతకు మించితే కొన్ని శాఖల్లో ఏమీ మిగలకపోవచ్చు.

జిడ్డు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. వస్తువు మీద వేలిముద్రంత నూనె ఉన్నా పూత పొక్కులొచ్చి ఊడుతుంది. శుభ్రపడిందో లేదో చూడడానికి పనివాళ్ల దగ్గర పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. నీళ్లు పోసి చూస్తారు. నీరు అంతటా పల్చగా అంటుకుని నిలిస్తే సరే. ముత్యాల్లా విడిపోతే ఇంకా జిడ్డుందని అర్థం. పెట్టెకు వేలు పోసినవాడు సబ్బుకు మాత్రం బేరమాడతాడు. ఎందుకంటే సబ్బుకు డిజిటల్ డిస్‌ప్లే లేదు. ఇత్తడి మీద తిన్నగా బంగారం వేయమని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. మధ్యలో నికెల్ పొర లేకపోతే ఇత్తడిలోని రాగి నెమ్మదిగా పైకి పాకి రంగు మారుస్తుంది. కనిపించని పొరకు డబ్బు పెట్టాలంటే మనకు ప్రాణం ఒప్పదు. పైన పటారం లోన లొటారం అని ముందే చెప్పిన పెద్దలకు మైక్రాన్లు తెలియవు గానీ మనుషులు తెలుసు.

ఇంట్లో పెట్టె ఎక్కడ పెట్టాలన్నది మరో చిక్కు. తొట్టి పక్కనే పెడితే లోపలి ఫ్యాను ఆమ్లపు ఆవిరిని ఆప్యాయంగా పీల్చుకుని కొన్నాళ్లకు బోర్డును తినేస్తుంది. దూరంగా పెడితే వైరు పొడవవుతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మామూలు వైరును ఎనిమిది మీటర్ల దూరం లాగి అయిదు ఆంపియర్లు పంపితే, పోనూ రానూ దారిలోనే దాదాపు ఒక వోల్టు ఖర్చయిపోతుంది. చేతిలో ఉన్నదే మూడు. లావు వైరు కొనండి అంటే, "ముప్ఫై వోల్టులున్నాయిగా" అని జవాబొస్తుంది. ఇదిగో, ఆ ఇరవై నాలుగింటిలో ఒకటికి ఎట్టకేలకు పని దొరికింది.

నవ్వులాట కాసేపు పక్కన పెడతాను. వీడియో చూసి వంటగదిలో బంగారు తొట్టి పెడదామనుకునేవాళ్లు సైనైడ్ జోలికి వెళ్లకండి. దానికి ఆమ్లం తగిలితే వెలువడే వాయువు మనిషిని నిమిషాల్లో చంపుతుంది. క్రోమిక్ ఆమ్లం కేన్సర్ కారకం. వాడేసిన నికెల్ ద్రావణాన్ని మోరీలో పోయకూడదు. వెనిగర్‌తో చేసుకునే రాగి పూతతో సరదా తీర్చుకోవచ్చు. అదీ వంటపాత్రల్లో వద్దు.

మళ్లీ మన డిమాండ్ల దగ్గరకు వస్తే, ఈ పెట్టెల మీద సీసీ, సీవీ అని రెండు చిన్న దీపాలుంటాయి. సీసీ వెలిగితే ఆంపియర్లు గీత దాటవు. సీవీ వెలిగితే వోల్టులు గీత దాటవు. ప్లేటింగ్‌కు చాలావరకు కావలసింది మొదటిది. ఆ రెండూ వేర్వేరు రంగుల అలంకరణ దీపాలని భావించే సోదరుల సంఖ్య తక్కువేం లేదు. అందువల్ల ప్రభుత్వం పంపిణీ చేసే పెట్టె మీద వోల్టుల అంకెను వెనకవైపు, కంపెనీ చిరునామా కింద, చిన్న అక్షరాల్లో వేయించాలి. ముందువైపు "మీ వస్తువు ఎన్ని చదరపు డెసిమీటర్లు?" అని తెలుగులో అడగాలి. అంకె నొక్కందే కరెంటు రాకూడదు. కాసుల పేరు విస్తీర్ణం కట్టడం కష్టమంటారా? పదో తరగతి లెక్కల పుస్తకం కూడా పెట్టెతోపాటు ఉచితంగా ఇవ్వండి.

ఈ నమూనా గురించి నాకు తెలిసిన ఒక డీలరును అభిప్రాయం అడిగాను. శ్రద్ధగా విన్నాడు. ఆలోచన చాలా బాగుందని, ప్రజలకు ఎంతో మేలు జరుగుతుందని, అలాంటివి తన దుకాణంలో మాత్రం పెట్టనని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "అరవై వోల్టుల మోడల్ వస్తోంది సార్, అడ్వాన్స్ ఇస్తే మీకొకటి పక్కన పెడతా" అన్నాడు.