తండ్రి జెర్సీకి డిస్కౌంట్ ఎందుకు?

2021 ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్‌లు వంతుల వారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, జరిగిన ఒక లెక్క ముందు చూడండి, మేం చెప్పదలచుకున్నది సగం అందులోనే ఉంది. ఒక్కో వంతుని పిక్ అంటారు, ఒక్కో పిక్‌కి పాయింట్లలో ఒక విలువ ఉంటుంది. నాలుగో పిక్ దగ్గర గోల్డ్ కోస్ట్ క్లబ్ నిక్ డేకోస్ పేరు చదివింది. ఆ కుర్రాడి తండ్రి పీటర్ డేకోస్ కాలింగ్‌వుడ్‌కి 250 మ్యాచ్‌లు ఆడాడు. ఒక క్లబ్‌కి 100 మ్యాచ్‌లు ఆడినవాడి కొడుకు మీద ఆ క్లబ్‌కే ముందు హక్కు, దీన్నే ఫాదర్-సన్ రూల్ అంటారు, కాకపోతే వేరే క్లబ్ పేరు చదివిన పిక్‌కి సరిపడా పాయింట్లు కట్టాలి. నాలుగో పిక్ ఖరీదు 2,034 పాయింట్లు. అందులో 20 శాతం డిస్కౌంట్, అంటే 1,627 కడితే చాలు. కాలింగ్‌వుడ్ తన 38, 40, 42, 44వ పిక్‌లు ఇచ్చేసింది. వాటి విలువ 465, 429, 395, 362, మొత్తం 1,651. దేశంలో ఆ ఏడాది మేటి కుర్రాళ్లలో ఒకడు అలా వాళ్ల జట్టులోకి వచ్చాడు. డిస్కౌంట్ లేకుంటే 383 పాయింట్లు తక్కువ పడేవి, వాటిని ఎక్కడి నుంచో తెచ్చుకోవాల్సి వచ్చేది.

నిజానికి కాలింగ్‌వుడ్ ఆ సీజన్‌లో 18 జట్లలో 17వ స్థానంలో ఉంది, అడుగున ఉన్నవాళ్లకే ముందు వంతు కాబట్టి పైవరస పిక్ దానికి న్యాయంగా రావాల్సిందే. కానీ ఆ పిక్‌ని ముందు ఏడాదే వేరే క్లబ్‌కి ఇచ్చేసుకుంది. అమ్ముకున్న పొలంలో పంట కూడా తనకే వచ్చినట్టయింది.

డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ డబ్బున్నవాడు కొనుక్కోడు, పాయింట్ల పట్టికలో అడుగున ఉన్న జట్టు ముందు ఎంచుకుంటుంది, చాంపియన్ చివర ఎంచుకుంటుంది. 1986 నుంచి ఇదే పద్ధతి. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఏ ఊరు వెళ్లాలో ఎంచుకునే హక్కు ఉండదు, పిలిచిన క్లబ్‌కి వెళ్లాలి. 2023లో విక్టోరియాలోని టొంగాలా అనే చిన్న ఊరి పిల్లాడు హార్లీ రీడ్ మొదటి పిక్‌గా దేశం ఆ చివర పెర్త్‌కి వెళ్లాడు, ఎందుకంటే ఆ సీజన్‌లో మూడే మ్యాచ్‌లు గెలిచింది అక్కడి వెస్ట్ కోస్ట్ క్లబ్. ఇంటికి అంత దూరం పొమ్మని పిల్లల్ని అడుగుతున్నాం అంటే దానికి ఒకటే సమర్థన, బలహీనమైన జట్టు లేవాలి. ఆ సమర్థనకి చిల్లు పడితే డ్రాఫ్ట్‌కి అర్థమే ఉండదు.

మళ్లీ 2021 రాత్రికే వద్దాం. డేకోస్ తర్వాత ఐదో పిక్‌తో గోల్డ్ కోస్ట్ మాక్ ఆండ్రూని తీసుకుంది. దక్షిణ సూడాన్ మూలాలున్న కుటుంబం అతనిది, మెల్‌బోర్న్ క్లబ్ అకాడమీలో తర్ఫీదు పొందాడు. ఈ అకాడమీలు ఆదివాసీ పిల్లల కోసం, ఆసియా, ఆఫ్రికాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లల కోసం పెట్టినవి. కానీ 2020లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ తన అకాడమీ నుంచి ఏకంగా మొదటి పిక్ స్థాయి ఆటగాణ్ని దక్కించుకునేసరికి గొడవ లేచి, మొదటి 20 పిక్‌లలో అకాడమీ హక్కు చెల్లదని రూల్ మార్చారు. దాంతో మెల్‌బోర్న్‌కి ఆండ్రూ దక్కలేదు. మెల్‌బోర్న్ ఆ ఏడాది చాంపియన్, కాబట్టి దక్కకపోవడమే న్యాయం అంటే మేమూ ఒప్పుకుంటాం. మరి ఆ ఫైనల్లో ఓడి రెండో స్థానంలో నిలిచిన బుల్‌డాగ్స్ సంగతి? అదే రాత్రి రెండో పిక్ దగ్గర శామ్ డార్సీని తీసుకెళ్లింది. తండ్రి లూక్ డార్సీ ఆ క్లబ్ ఆటగాడు మరి. వలస వచ్చినవాళ్ల బిడ్డ దగ్గర గేటు మూసి, పాత ఆటగాడి బిడ్డ దగ్గర తలుపు తీసి పైగా 20 శాతం తగ్గించారు. ఇది మాకు మింగుడుపడదు.

ఇది మనకి దూరపు గొడవ కూడా కాదు. మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, పాయింట్ కుక్ లాంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, కోడిగుడ్డు ఆకారం బంతి పట్టుకుని గ్రౌండ్‌కి వెళ్లే పిల్లలు అక్కడ పెరుగుతున్నారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పుట్టిన నాన్న ఎవరూ అక్కడ 100 మ్యాచ్‌లు ఆడి ఉండరు. ఆ పిల్లలకి ఉన్న దారి ఆ అకాడమీయే. 2024కి ఆ గేటు తీసేశారు, ఇరాక్ మూలాలున్న ఐజక్ కాకోని 13వ పిక్ దగ్గర ఎసెండన్ తన అకాడమీ హక్కుతోనే తెచ్చుకుంది. చాలా సంతోషం.

కానీ అదే 2024లో ఇంకోటి జరిగింది. సెప్టెంబర్‌లో ఫైనల్‌ని 60 పాయింట్ల తేడాతో గెలిచిన బ్రిస్బేన్, రెండు నెలలు తిరక్కుండానే ఐదో పిక్ దగ్గర లీవై ఆష్‌క్రాఫ్ట్‌ని ఫాదర్-సన్ కింద తీసుకుంది. రెండేళ్ల ముందు అన్న విల్ ఆష్‌క్రాఫ్ట్ రెండో పిక్ దగ్గర ఇలాగే వచ్చాడు, 2024 ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడు అతనే. 2025లో మళ్లీ బ్రిస్బేనే చాంపియన్, మళ్లీ విల్‌కే అత్యుత్తమ ఆటగాడి మెడల్. ఆ అన్నదమ్ముల ఆట చూస్తే ముచ్చటేస్తుంది, వాళ్ల తప్పేమీ లేదు. వరుసలో చివర నిలబడాల్సిన క్లబ్ ఐదో స్థానంలోకి ఎలా వచ్చిందనేదే మా ప్రశ్న.

ఫాదర్-సన్ రూల్‌ని ఎత్తేయమని మేం అనం. నాన్న వేసుకున్న జెర్సీ కొడుకు వేసుకుంటుంటే స్టాండ్స్‌లో కళ్లు చెమర్చే ముసలి అభిమానుల్ని కాదనడానికి మనసు రాదు. 2025 నుంచి డిస్కౌంట్‌ని 20 నుంచి 10 శాతానికి దించి, చివరి పిక్‌ల విలువ కూడా తగ్గించారు, అది మంచి పనే. ఆ పది మాత్రం ఎందుకు? హక్కు ఇవ్వడమే పెద్ద బహుమతి, దాని మీద ధర తగ్గింపు దేనికి? పూర్తి ధర కట్టాలి, అదీ చిల్లర పిక్‌లు కుప్పేసి కాదు, అడిగిన పిక్‌కి దగ్గరలో ఉన్న ఒక పిక్ అయినా అందులో ఉండాలి. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లోని ఉత్తరాది క్లబ్‌లు తమ ప్రాంతపు కుర్రాళ్ల కోసం నడిపే అకాడమీలకీ ఇదే వర్తించాలి. 2023లో గోల్డ్ కోస్ట్ ఒకే డ్రాఫ్ట్‌లో, మొదటి 26 పిక్‌ల లోపే, నలుగురు సొంత అకాడమీ కుర్రాళ్లని తీసుకుంది. 2011లో లీగ్‌లోకి వచ్చి 2024 దాకా ఒక్కసారీ ఫైనల్స్ (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు) గడప తొక్కని క్లబ్ అది, దాని మీద మాకు జాలి ఉంది, అయినా సరే దానికీ పూర్తి ధరే పెట్టాలి.