అంకుల్ గారి ఫార్వర్డ్‌కి నా జవాబు, కాస్త పొడుగ్గానే

చెన్నై పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నీళ్ల లారీ ఎప్పుడొస్తుంది, ఆవకాయకి మంచి కాయలు ఎక్కడ దొరుకుతాయి, ఉగాదికి తలా ఎంత వేసుకోవాలి, మామూలుగా ఇవే మాటలు. మొన్న శుక్రవారం రాత్రి మూడో అంతస్తు అంకుల్ గారు ఒక ఫార్వర్డ్ పడేశారు, పైన రెండు బాణాల గుర్తుతో. అంటే అప్పటికే ఊరంతా తిరిగొచ్చిందన్నమాట. అందులో ఉన్నది ఇదీ: క్రైస్తవం 325లో ఒక రోమన్ చక్రవర్తి తయారు చేసిన మతం, యేసు కథ మిత్ర అనే దేవుడి కథకి కాపీ, మన దేశానికి దాన్ని తెల్లదొరలు తెచ్చారు, బియ్యం మూటల కోసం మనవాళ్లు మారారు, వారమంతా పాపాలు చేసి ఆదివారం సారీ చెబితే స్వర్గానికి టికెట్టు ఇచ్చేస్తారు, అసలు మతాలన్నీ భయంలోంచి పుట్టినవే. చివర్లో "మీ క్రైస్తవ మిత్రులను అడిగి చూడండి, జవాబు ఉండదు" అని సవాలు.

ఆ గ్రూపులో క్రైస్తవుణ్ణి నేనొక్కణ్ణే. అంకుల్ గారు మంచి మనిషి, మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులు టిఫిన్ వాళ్లింటి నుంచే వచ్చింది. అందుకే గ్రూపులో వాదన పెట్టుకోకుండా తీరిగ్గా రాస్తున్నా. ఇది చదివి ఎవరూ యేసుని నమ్మాలని లేదు. నమ్మకపోవడానికి మీకు మీ కారణాలుంటాయి, కానీ ఈ ఫార్వర్డ్ మాత్రం ఆ కారణం కాకూడదు.

ముందు 325 సంగతి. ఆ ఏడాది ఇప్పటి టర్కీలోని నైసియాలో క్రైస్తవ పెద్దల సభ జరిగింది, పిలిపించింది కాన్‌స్టంటైన్ చక్రవర్తే, సుమారు 300 మంది బిషప్పులు వచ్చారు, అంతవరకు నిజం. అయితే అక్కడ గొడవ వేరు. ఏరియస్ అనే అలెగ్జాండ్రియా గురువు, కుమారుడు, అంటే యేసు, తండ్రి అయిన దేవుడితో సమానుడు కాదు, తండ్రి సృష్టించినవాడే అన్నాడు. సభ కాదంది. ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలన్న చర్చ ఆ సభ నిర్ణయాల్లో ఎక్కడా లేదు. ఓట్లు అటూ ఇటూగా పడ్డాయని ఒక ఇంగ్లిష్ నవల పుణ్యమా అని అందరూ అంటుంటారు గానీ, చివరికి సంతకం పెట్టనని మొండికేసిన బిషప్పులు ఇద్దరే. బైబిల్లో యేసు గురించి చెప్పే రెండో భాగం కొత్త నిబంధన, ఇప్పుడున్న దాని 27 పుస్తకాల జాబితా అచ్చంగా అలాగే మనకి మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ రాసిన ఉత్తరంలో, అంటే చక్రవర్తి పోయి 30 ఏళ్లయ్యాక. చక్రవర్తి కూడా చనిపోయే ముందు, 337లో, బాప్తిస్మం (నీళ్లతో క్రైస్తవంలోకి చేర్చుకునే కార్యం) తీసుకున్నది ఎవరి చేతుల మీదుగా అనుకున్నారు? ఏరియస్‌ని వెనకేసుకొచ్చిన బిషప్పు చేతుల మీదుగా! మతాన్ని తన చేత్తో తయారు చేసినవాడు ఓడిపోయిన పక్షం దగ్గరికెళ్లి ముంచమంటాడా?

యేసుని దేవుడిగా కొలవడం అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఉంది. సుమారు 112లో ప్లినీ అనే రోమన్ గవర్నరు ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాస్తూ, ఈ క్రైస్తవులు తెల్లవారకముందే చేరి క్రీస్తుని దేవుడిగా ఎంచి పాట పాడుతున్నారని తెలియజేశాడు. ఇంకో ముక్క కూడా రాశాడు, దాని సంగతి తర్వాత చెప్తా.

మిత్ర కాపీ అన్నదానికి ఎక్కువ టైమ్ అక్కర్లేదు. ఆ పేరు మన వేదాల్లోని మిత్రుడికి చుట్టమే, కానీ రోమన్ల మిత్రాస్ కన్యకి పుట్టలేదు, బండరాయిలోంచి పుట్టాడు, ఎద్దుని చంపాడు. సిలువా లేదు, చచ్చి లేవడమూ లేదు. డిసెంబర్ 25 మిత్ర పుట్టినరోజని కూడా అంటుంటారు. ఆ తేదీ బైబిల్లో లేదు, ఒప్పుకుంటా. ప్యారీస్ కార్నర్ దగ్గర ఆర్మేనియన్ స్ట్రీట్‌లో పాత ఆర్మేనియన్ చర్చి ఉంది చూడండి, అది కట్టినవాళ్ల సంఘం ఇప్పటికీ యేసు పుట్టుకని జనవరి 6నే చేసుకుంటుంది. పుట్టినరోజు తేదీ తేలనంత మాత్రాన మనిషే లేడంటే మా నాయనమ్మ కూడా లేనట్టే.

తెల్లదొరలు తెచ్చారన్న మాట చెన్నైలో ఉండి అనడమే నాకు వింత. మా ఆఫీసు గిండీలో, అక్కడికి దగ్గర్లోనే సెయింట్ థామస్ మౌంట్, తమిళంలో పరంగిమలై. పరంగి అంటేనే దొర కదా అంటారేమో, కొండకి ఆ పేరు పోర్చుగీసువాళ్లు వచ్చి చేరాక పడింది. మెట్లెక్కి పైకెళ్తే ఓ చిన్న చర్చి, కింద మీనంబాక్కంలో దిగే విమానాలు కనిపిస్తాయి. లోపల బలిపీఠం మీద ఒక రాతి పలక, మధ్యలో సిలువ, చుట్టూ అంచు వెంబడి అక్షరాలు. చూడగానే ఏ లాటినో అనుకుంటాం. అది పహ్లవీ, పాత పర్షియన్ లిపి. 1547లో పోర్చుగీసువాళ్లు తవ్వుతుంటే దొరికింది, చెక్కింది మాత్రం వాస్కో డ గామా మన తీరం చూడటానికి కొన్ని వందల ఏళ్ల ముందు. యేసు శిష్యుల్లో ఒకడైన తోమా (థామస్) స్వయంగా ఇక్కడికి వచ్చాడన్నది సంప్రదాయం, దాన్ని రుజువైన చరిత్రగా నేను అమ్మను. కానీ ఆ రాయి సంప్రదాయం కాదు, వేలితో తాకేంత నిజం.

బియ్యం మూటలు. ఇది చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది. మన తెలుగు జిల్లాల్లో జరిగింది చూడండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని చూపించాడు. ఇక్కడ చెన్నైలో మురికి కంపు కొడుతూ పారుతుందే, అదే కాలవ. కూలి దొరుకుతున్న ఆ రోజుల్లో జనం బాప్తిస్మం అడిగితే ఆయన ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలదని. సాయం పని ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. కరువులో ఆదుకున్నవాడి దేవుడి మీద మనసు పోవడం సహజం, అది లేదని నేననను. కానీ ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో, కరువుకి పదేళ్ల ముందు. ఆయనకి ఎవరు ఏ మూట ఇచ్చారు? ఇంకోటి, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కులస్థుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఒకటిగా బతికేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు, దాచను. వాళ్లు అలా దాక్కోవాల్సి వస్తోందంటేనే మారడం లాభసాటి బేరం కాదని తెలియడంలా?

ఇక అసలు విషయం, రక్షణ, అంటే పాపాల నుంచి దేవుడిచ్చే విడుదల. సారీ చెబితే టికెట్టు.

చర్చివాళ్లు డబ్బుకి పాపక్షమాపణ చీటీలు ఇచ్చిన రోజులున్నాయి, 1517లో జర్మన్ సన్యాసి లూథర్ తిరగబడింది దానిమీదే, 1567లో పోపే ఆ వ్యాపారం ఆపేశాడు. కాబట్టి ఈ ఆరోపణ మాకు కొత్తేం కాదు, మా ఇంట్లోనే ముందు లేచింది. దేవుడి కృప ఎక్కువ కావాలని పాపం చేస్తూ ఉందామా అన్న ప్రశ్న కూడా, మొదటి తరం బోధకుడు పౌలే, బైబిల్లో ఉన్న రోమా పత్రిక అనే ఉత్తరంలో వేసుకుని, ఛీ కాదు అని జవాబు చెప్పుకున్నాడు.

మా నాన్నది నాయుడుపేటలో వెచ్చాల కొట్టు. ఇనప కిలో గుండు తిరగేసి చూస్తే అడుగున చిన్న గుంట, అందులో సీసం, దానిమీద తూనికల వాళ్ల ముద్ర ఉంటాయి. మా నాన్న ఆ సీసం కొంత గీకించి పైన నల్ల మైనం మెత్తాడు. కిలోకి ముప్పై, నలభై గ్రాములు మిగులు. నాకు ఏడేళ్లప్పుడు ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. గుండు గురించి పాస్టర్ గారు అడగలేదు, ఆయనకి తెలియనే తెలియదు. నెల తిరక్కుండా ఒక రాత్రి కొట్టు మూశాక నాన్న మైనం పెళ్లగించి ఆ గుండు పక్కన పడేశాడు. మర్నాడు కొత్త గుండు కొన్నాడు. పాత బాకీ ఎవరికెంతో లెక్క తెలియదు కదా, అందుకని ఏడాది పాటు పాత ఖాతాదార్లకి తూకం అయ్యాక చారెడు పప్పు ఎక్కువ వేసేవాడు, మా అమ్మ తిట్టిపోసేది. ఒక ముసలావిడ ఇంటికెళ్లి ఉన్నమాట చెప్పాడు కూడా. ఆవిడ, "నాకు తెలుసులే నాయనా, అందుకే ఎండుమిరపకాయలు వేరేచోట కొంటున్నా" అంది.

బైబిల్లో జక్కయ్య కథ ఇదే. పన్నులు వసూలు చేసి కొవ్వెక్కినవాడు, చెట్టెక్కి చూస్తుంటే యేసే పిలిచి, ఇవాళ మీ ఇంట్లో ఉంటానన్నాడు. వాడు అప్పటికి ఏమీ ఒప్పుకోలేదు, ఏమీ తిరిగివ్వలేదు. పిలుపు ముందొచ్చింది, దాని వెనకే సగం ఆస్తి బీదలకి, దోచినదానికి నాలుగింతలు. ఈ వరస తెలియకపోతే రక్షణ అర్థం కాదు. మంచి పనులతో కొనుక్కునేది కాదు, అలాగని వచ్చాక చేతులు ముడుచుకుని కూర్చోనిచ్చేదీ కాదు. ఇందాక ప్లినీ రాసిన ఇంకో ముక్క అన్నానే, అది ఇక్కడికి సరిపోతుంది: ఈ క్రైస్తవులు దొంగతనం చేయబోమనీ, దాచమని ఇచ్చిన సొమ్ము అడిగితే ఇవ్వకుండా ఎగ్గొట్టబోమనీ ఒట్టు వేసుకుంటున్నారట. గవర్నరు గారికి అదో వింత.

మరి యేసు పేరే వినని మా ముత్తాత సంగతేంటి అని అంకుల్ గారు ఒకసారి లిఫ్ట్‌లో అడిగారు, నిజాయితీగా అడిగారు. మాలోనే ఏకాభిప్రాయం లేదు. యూదుల ధర్మశాస్త్రం లేనివాళ్లకి మనస్సాక్షే సాక్ష్యమని పౌలు రాశాడు, తమ తప్పు లేకుండా సువార్త, అంటే యేసు సందేశం, తెలియనివాళ్లు కూడా రక్షణ పొందొచ్చని కాథలిక్కుల రెండో వాటికన్ సభ 1964లో చెప్పింది, మా వీధి చివర పాస్టర్ గారు మాత్రం ససేమిరా అంటారు. నేనైతే మీ ముత్తాత మీద తీర్పు చెప్పే కుర్చీలో లేను, ఆ పాస్టర్ గారూ లేరు.

భయంలోంచి పుట్టిందన్నది ఆఖరిది. ఉండొచ్చు కొంత. కానీ చీకట్లో కుక్కకి భయపడేవాడి భయాన్ని ఎంత పరీక్షించినా సందులో కుక్క ఉందో లేదో తేలదు, సందులోకి వెళ్లి చూడాల్సిందే. పైగా టర్కీలో గోబెక్లీ తెపే అనే చోట, వ్యవసాయం ఇంకా స్థిరపడకముందే, 11,000 ఏళ్ల కిందట, వేటాడి బతికే జనం టన్నుల బరువున్న రాతి స్తంభాలు నిలబెట్టి వాటిమీద నక్కల్నీ పాముల్నీ చెక్కారు. వట్టి భయమే అయితే గుహలో దాక్కుంటే పోయేదానికి అంత చాకిరీ ఎందుకు చేశారో ఫార్వర్డ్ రాసినాయన చెప్పాలి.

ఇదంతా నిన్న అంకుల్ గారికి విడిగా పంపాను. పొద్దున జవాబొచ్చింది: "చదివాను బాబూ. నైసియా సంగతి మళ్లీ మాట్లాడదాం. మీ నాన్నగారి గుండు ఇంకా ఉందా?"

ఉందండీ. బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా మా అమ్మ దాన్నే అడ్డం పెడుతుంది.