మా గెలుపుపై శ్వేతపత్రం కావాలి

మన రెండు రాష్ట్రాల్లో శ్వేతపత్రం రాని విషయం లేదు. అప్పుల మీద వచ్చింది, కరెంటు మీద వచ్చింది, పోలవరం మీద వచ్చింది, ఆఖరికి మద్యం మీద కూడా వచ్చింది. కానీ 2022 మార్చి 20న మా ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిందన్న ఆరోపణ మీద ఇంతవరకు ఏ ప్రభుత్వమూ ఒక్క కాగితం విడుదల చేయలేదు. ఇది ఊరుకోదగ్గ సంగతి కాదు. ఆ గెలుపు వల్ల ఎవరికెంత లాభం వచ్చింది, ఎంత నష్టం జరిగింది, అందుకు బాధ్యులెవరు అన్నది తేలాలి. అది తేలకుండా ఉన్నపళంగా సంతోషించమంటే మా వల్ల కాదు.

గెలిచాక కూడా తేల్చేదేముంటుందని క్రికెట్ వాళ్లు అడుగుతారు. వాళ్లకేం. వాళ్ల జట్టు గురించి దిగులుపడటానికి దేశంలో కోట్ల మంది ఉన్నారు. ఒకడు నిద్రపోతే ఇంకొకడు లేచి ఆ పని అందుకుంటాడు. తెలుగు నేల మీద ఫుట్‌బాల్ అభిమానులు గుప్పెడు మంది. ఆ గుప్పెడు మందే రిఫరీని తిట్టాలి, కోచ్‌కు సలహాలివ్వాలి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో పక్కింటాయనకు ప్రతి సీజన్‌లో కొత్తగా చెప్పాలి, ఆ పైన జట్టు భవిష్యత్తు గురించి బెంగపడాలి. ఇన్ని పనుల మధ్య గెలుపు కూడా వచ్చిపడితే దాన్ని చూసుకునే తీరిక ఎవరికుంది?

అయినా బాధ్యత తప్పించుకోలేదు. ఆ రాత్రి ఆటగాళ్లు కప్పు ఎత్తి పట్టుకుని గంతులేస్తుండగానే మా అభిమానుల విచారణ సంఘం పని మొదలైంది.

"పెనాల్టీలల్ల గెల్చుడు కూడా గెలుపేనా మామా?"

"88 నిమిషాల దాకా ఓడిపోయే ఉన్నం గద భాయ్. మల్ల గెల్చినట్టెట్లయితది?"

ఈ రెండో ప్రశ్న చాలా లోతైనది. గోవాలోని ఫతోర్దా స్టేడియంలో జరిగిన ఫైనల్లో 68వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్ తరఫున రాహుల్ కేపీ దూరం నుంచి గోల్ కొట్టాడు. మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి దాన్ని ఆపాల్సిందని మాలో సగం మంది ఇప్పటికీ వాదిస్తారు. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని తన్నిన తన్నుకు స్కోరు సమమైంది. అదనపు సమయంలో ఏమీ తేలలేదు. ఇక ఒక్కొక్కరుగా వచ్చి గోల్‌కీపర్ ఎదుట బంతి తన్నే పెనాల్టీల్లో అదే కట్టిమణి మూడు ఆపాడు. అందులో నిషూ కుమార్ కొట్టినదాన్ని ఆపితే, ముందుగా గీత దాటావని చెప్పి మళ్లీ కొట్టించారు. మళ్లీ ఆపాడు. 3-1తో మేం గెలిచాం. ఇక్కడ విచారణ సంఘం ముందున్న అసలు ప్రశ్న ఏమిటంటే, గోల్ ఇవ్వకుండా ముందే ఆపి ఉంటే పెనాల్టీల దాకా వచ్చేదా? రాకపోతే ఆయన హీరో అయ్యేవాడా? తానే తెచ్చిన కష్టాన్ని తానే తీర్చి దండలు వేయించుకోవడం రాజకీయాల్లో మామూలే గానీ, ఆటల్లోకి కూడా వచ్చేసిందంటే ఆలోచించాలి.

తర్వాత స్థానికత కోణం. ఉద్యోగాలకైతే ఏడేళ్లు ఎక్కడ చదివావో అడుగుతారు. గెలుపును మాత్రం ఎవరూ అడగలేదు. మేం అడిగాం. గోల్ కొట్టిన తవోరా గోవా కుర్రాడు. పెనాల్టీలు ఆపిన కట్టిమణి గోవా వాడు. చివరి పెనాల్టీ కొట్టి కప్పు తెచ్చిన హలిచరణ్ నర్జరీది అస్సాం. సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్న బార్తలోమ్యూ ఓగ్బెచేది నైజీరియా (ఫైనల్లో ఒక్కటీ కొట్టలేదన్నది వేరే ఫైలు). కెప్టెన్ జువావ్ విక్టర్‌ది బ్రెజిల్. కోచ్ మనోలో మార్కెజ్‌ది బార్సిలోనా. ఆడింది గోవాలో. కరోనా కారణంగా రెండు సీజన్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు. అందులో సగం మ్యాచ్‌లు మేం సొంతగడ్డ మీద ఆడినట్టు రికార్డుల్లో రాసుకున్నారు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం గడ్డికి మాత్రం ఆ సంగతి తెలియదు.

మరి ఈ గెలుపులో హైదరాబాద్ వాటా ఏమిటి? పేరు. జెర్సీ మీద పేరు మాది. అదొక్కటి కాదనలేరు.

జెర్సీ అంటే గుర్తొచ్చింది. మాదీ పసుపే, కేరళదీ పసుపే. లీగ్ పట్టికలో మేం వాళ్లకన్నా పైన ఉన్నాం కాబట్టి ఫైనల్లో పసుపు మాకు దక్కింది. వాళ్లు రెండో జత వేసుకోవాల్సి వచ్చింది. అయినా సరే మీరు పసుపులోనే రండి అని వాళ్ల కోచ్ ఇవాన్ వుకోమనోవిచ్ అభిమానులకు చెప్పాడు. మలయాళీలు మాట మీద నిలబడే మనుషులు. స్టేడియమంతా పసుపు పూసినట్టు నిండిపోయారు. వేలమంది పసుపు చొక్కాలవాళ్లు పసుపు జట్టు ఓడిపోవాలని గొంతు చించుకుని అరిచారు. టీవీలో అది చూసి మా బాబాయి, "ఒరేయ్, హైదరాబాద్‌కు ఇంత ఫాలోయింగ్ ఉందట్రా!" అని మురిసిపోయాడు. మేం కాదనలేదు. ఆ రాత్రి ఎవరికీ అనుమానం లేకుండా, పూర్తిగా కలిగిన సంతోషం ఆయనదొక్కడిదే.

గెలుపు సాంకేతికంగా చెల్లుతుందా అన్నది ఇంకో పెద్ద చిక్కు. ఆ ఏడాది లీగ్‌లో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది. షీల్డ్ వాళ్లకిచ్చారు. మేం రెండో స్థానం. కేరళ నాలుగో స్థానం. నెలల తరబడి ఆడి, అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడికి షీల్డ్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టి, ఆ తర్వాత మొదటి నలుగురికీ మళ్లీ పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవాణ్ని చాంపియన్ అన్నారు. ఎంసెట్ రాసిన ఇళ్లలో దీన్ని వివరించనక్కర్లేదు. ఇంటర్‌లో ఎన్ని మార్కులొచ్చినా, ఆ ఒక్క రోజు ఏం చేశావన్నదే ఎక్కువ లెక్క. కాబట్టి మేం చాంపియన్లమా, సెకండ్ ర్యాంకర్లమా? మాలో కొందరు నిక్కచ్చి మనుషులు "మనం కప్పు గెలిచిన రెండో స్థానం జట్టు" అనే పూర్తి పేరుతోనే పిలవాలని పట్టుబట్టారు. నిజాయితీపరులు. వాళ్లను పెళ్లిళ్లకు పిలవడం తగ్గించాం.

ఈ గొడవలన్నిటి మధ్యా నాకు నిజంగా అసూయ కలిగింది కేరళ వాళ్లను చూసి. 2014లో ఫైనల్ ఓడారు, 2016లో ఓడారు, 2022లో మా చేతిలో ఓడారు. మూడింట రెండుసార్లు పెనాల్టీల్లోనే. వాళ్ల దుఃఖంలో కల్తీ లేదు. కూర్చుని ఏడవచ్చు, రిఫరీని అనుమానించవచ్చు, వచ్చే ఏడాది చూసుకుందాం అనుకోవచ్చు. ఓడినవాడికి దేన్నీ తూచుకునే పని లేదు. ఇటు మేం చూస్తే, అర్ధరాత్రి దాటినా ఆ కప్పు తీసుకోవచ్చా లేదా అని తర్జనభర్జన పడుతూనే ఉన్నాం. 2019 నవంబరులో గచ్చిబౌలిలో మా జట్టు చరిత్రలో మొదటి గెలుపు కూడా కేరళ మీదే వచ్చింది, 2-1. ఆ రోజు కూడా వాళ్ల గోల్ కొట్టింది రాహుల్ కేపీయే. ఆ మనిషికి మేం అంటే ఏం కోపమో గానీ, ఆయన గోల్ కొట్టిన ఈ రెండుసార్లూ మేమే గెలిచాం. దీన్ని లాభం కింద రాయాలా, నష్టం కింద రాయాలా అని సంఘంలో ఓటింగ్ పెడితే టై అయింది. పెనాల్టీలు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పెద్దవాళ్లతో ఇంకో తంటా. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ ఫుట్‌బాల్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎవరికీ వదల్లేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒక బడిపంతులు. ఆయనే దేశానికి కోచ్ అయ్యాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ రెండు జట్లలోనూ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాదే పోయాడు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో, గోవాలో పెనాల్టీలకు గెలిచామని చెప్పుకోవడానికి నోరు పెగలదు. ఆ కాలం నాటి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి, మీ రోజుల్లో గెలుపులోని మంచి చెడ్డలు ఎలా తూచేవాళ్లు అని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"గెల్చింది పోలీసోళ్లు బేటా. చెడ్డలు లెక్కపెట్టే దమ్ము ఎవనికుంటుండె?"

ఇక దీర్ఘకాలిక నష్టాలు. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లాడి రెండు గెలిచి అడుగున ఉన్నప్పుడు మాకు ఏ బాదరబందీ లేదు. కప్పు వచ్చాక ఆశ పుట్టింది. 2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. మళ్లీ రెండో స్థానం. సెమీఫైనల్లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0. పెనాల్టీల్లో ఓడాం. పెనాల్టీల మీద మేం వేసిన ప్రశ్నలన్నిటికీ అవే స్వయంగా వచ్చి జవాబు చెప్పినట్టయింది. కోచ్ మార్కెజ్ సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పనక్కర్లేదు, గోవాకే.

ఆ తర్వాతి ఏడాది జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోవడం మీద నిషేధం, ఒక్కొక్కరుగా సామాను సర్దుకున్న ఆటగాళ్లు. 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, చివరి స్థానం. ఆ ఒక్కటీ చెన్నై జట్టు చెన్నైయిన్ మీద, 1-0. అభిమానిగా నాకు తెలిసి ఏ వంకా పెట్టలేని గెలుపంటే అదే. విదేశీ స్టార్లు చాలావరకు వెళ్లిపోయారు, కెమెరాలు పెద్దగా లేవు, అవతలి వాళ్ల పసుపు సముద్రం లేదు. ఉన్న కుర్రాళ్లు ఆడి గెలిచారు. విచారణ సంఘం మూడు గంటలు కూర్చుని వెతికినా ఒక్క లోపం దొరకలేదు. దాంతో అందరికీ టెన్షన్ పట్టుకుంది. చివరికి ఒకాయన, "మరి ఇంతకు ముందెందుకు ఇట్లా ఆడలేదు?" అన్నాడు. అమ్మయ్య అనుకుని ఇళ్లకు వెళ్లాం.

మా జట్టు చిహ్నంలో చార్మినార్‌తోపాటు కోహినూర్ వజ్రాన్ని పెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది. కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే ఆ వజ్రం ముందు ఢిల్లీ వెళ్లింది, తర్వాత ఎక్కడెక్కడికో వెళ్లింది, తిరిగి మాత్రం రాలేదు. అలాంటిదాన్ని ఏరికోరి జెర్సీ గుండెల మీద పెట్టుకుంటే ఏమవుతుంది? 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీ వెళ్లిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. ఇందులో ఢిల్లీ వాళ్లను తప్పుపట్టలేం. 2019లో వాళ్ల డైనమోస్ జట్టు భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడాది పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో మేం వచ్చాం. పుణె వాళ్ల కన్నీళ్లు ఆరకముందే మేం పసుపు చొక్కాలు కొనుక్కున్నాం. టీచర్ల బదిలీ కౌన్సెలింగ్‌లో ఖాళీలు తిరిగినట్టు ఈ దేశంలో జట్లు తిరుగుతుంటాయి. మాకు ప్రస్తుతం ఖాళీ చూపిస్తోంది.

ఇప్పుడు అసలు వివాదం. 2022 నాటి ఆ గెలుపు ఎవరిది? ఢిల్లీ అభిమాని తాను చూడని గెలుపుకు సంబరపడాలా? పడితే అందులోని చెడ్డలు కూడా తలకెత్తుకోవాలి కదా, పెనాల్టీలు, రెండో స్థానం, కట్టిమణి ఫైలు సహా? విభజన చట్టంలోని తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు ఆస్తుల పంచాయితీయే పదేళ్లు దాటినా పూర్తిగా తెగలేదు. ఈ కప్పు ఏ షెడ్యూల్లోకి వస్తుందో తేలేసరికి మాలో చాలామంది ఉండం. అందుకని కోర్టుల దాకా వెళ్లకుండా ఒక రాజీ ప్రతిపాదిస్తున్నాను. కప్పు వాళ్లు ఉంచుకోవచ్చు. ఫొటోలు, రికార్డు పుస్తకంలో ఉన్న పేరు, ఓగ్బెచే గోల్స్ మొత్తం కూడా పట్టుకుపోవచ్చు. 68వ నిమిషం నుంచి 88వ నిమిషం దాకా ఉన్న ఇరవై నిమిషాలు మాత్రం హైదరాబాద్ పేరు మీద రాసివ్వాలి. అప్పుడు గోళ్లు కొరుక్కున్నది మేం. అందులో ఎవరికీ వాటా ఇచ్చేది లేదు.