గూఢచారి కావాలంటే ముందు పిల్లిని పెంచండి

రెండో ప్రపంచ యుద్ధకాలపు మహిళా గూఢచారుల మీద రాయబోయే విలేకరులకు ఒక విన్నపం. ముందు పిల్లి ఉందో లేదో వాకబు చేయండి. పిల్లి లేకపోతే అల్లిక సూదైనా ఉండాలి. రెండూ లేని బామ్మ ఎన్ని సందేశాలు పంపినా మీ శీర్షికకు పనికిరాదు.

2010 సెప్టెంబర్ 2న ఇంగ్లండ్‌లోని టార్కీలో 89 ఏళ్ల ఐలీన్ నియర్న్ తన ఫ్లాట్‌లో చనిపోయి కనిపించింది. నా అన్నవాళ్లు ఎవరో తెలియలేదు. అలాంటి వాళ్ల అంత్యక్రియలు అక్కడి చట్టం ప్రకారం కౌన్సిల్ నెత్తిన పడతాయి. వీలునామా, బ్యాంకు కాగితాలు, బంధువుల చిరునామాలు వెతికేదీ వాళ్లే. అలా ఇల్లు గాలిస్తుంటే పతకాలు దొరికాయి. ఇక చూడండి పత్రికల సంబరం! పిల్లులతో కాలక్షేపం చేసే ఒంటరి ముసలమ్మ గూఢచారట, రహస్యం బయటపడిందట. అందులో ఎంబీఈ అనే గౌరవ పతకం ఇచ్చింది 1946లో బ్రిటన్ ప్రభుత్వమే. తానిచ్చిన పతకాన్ని 64 ఏళ్లకు తానే కనిపెట్టి నోరెళ్లబెట్టడం ఒక్క ప్రభుత్వాలకే చేతనవును.

పిల్లికిచ్చిన చోటులో పావువంతు ఆమె రహస్య సందేశాలు పంపిన రేడియో సెట్టుకు ఇవ్వాల్సింది. జర్మన్ల ఆక్రమణలోని దేశాల్లోకి ఏజెంట్లను పంపిన బ్రిటన్ రహస్య సంస్థ ఎస్‌ఓఈ. వాళ్ల బీ2 సెట్టు సూట్‌కేసులో ఇమిడేది, బరువు దాదాపు 15 కిలోలు. ఏరియల్ తీగ 20 మీటర్ల దాకా పరచాలి, బట్టలారేసుకునే తాడంటే ఎవరూ నమ్మరు. సందేశాన్ని కోడ్‌లోకి మార్చి, ఐదేసి అక్షరాల గుంపులుగా మోర్స్‌లో కొట్టాలి. ఎక్కడైనా తప్పితే మళ్లీ కొట్టాలి, కొట్టినంతసేపూ జర్మన్ల వ్యాన్లు సిగ్నల్ వాసన పట్టుకుని దగ్గరికొస్తుంటాయి. ఆఖర్న ఒక్కో వీధికీ కరెంటు తీసేస్తారు. ఎక్కడ తీస్తే సిగ్నల్ ఆగిందో అక్కడే సెట్టు. దానికి విరుగుడు బ్యాటరీ మీద నడపడం. కారు లేని అమ్మాయి చేతిలో కారు బ్యాటరీ ఎందుకుందో చెక్‌పోస్టులో చెప్పుకోవడం మరో విద్య.

అల్లిక సూది ఘనత మరో ఎస్‌ఓఈ ఏజెంటు ఫిలిస్ లాటూర్‌ది. 1944 మేలో ఫ్రాన్స్‌లోని నార్మండీలో పారాషూట్‌తో దిగి, సబ్బులమ్మే పిల్లలా తిరుగుతూ 135 సందేశాలు పంపింది. కోడ్లు పట్టుగుడ్డ మీద ఉండేవి. వాడిన ప్రతి కోడ్‌నూ గుండుసూదితో పొడిచి గుర్తు పెట్టుకునేది, రెండోసారి వాడితే శత్రువు పట్టేస్తాడు గనక. ఆ గుడ్డను సూదికి చుట్టి జుట్టుకట్టులో దాచింది. పత్రికలకు సూదే మిగిలింది.

ఐలీన్ 1944 మార్చిలో ఫ్రాన్స్‌లో దిగింది. 105 సందేశాలు పంపాక జూలైలో జర్మన్లకు దొరికింది. మంచునీళ్ల తొట్టిలో తల ముంచారు, ఊపిరాగేదాకా పట్టుకున్నారు, లేపి అడిగారు, మళ్లీ ముంచారు. తానొక దుకాణంలో పనిచేసే పిల్లననీ, ఎవరో డబ్బిస్తే సందేశాలు కొట్టాననీ చెప్పిన కట్టుకథను ఆమె వదల్లేదు. నాజీలు ఆడవాళ్లను బంధించే రావెన్స్‌బ్రుక్ క్యాంపుకి పంపారు. 1945 ఏప్రిల్‌లో తప్పించుకుని అమెరికన్ల చేతికి చిక్కితే, వాళ్లు నమ్మక నాజీలతో కలిపి బంధించారు. అప్పటికామెకు 24 ఏళ్లు. ఈ మనిషా మీకు పిల్లుల బామ్మ? రాయడానికి చేతులెలా వచ్చాయి? ఆ తర్వాత ఏళ్ల తరబడి మనసు కుదుటపడక నలిగిపోతే, కనిపెట్టుకుని ఉన్నది అక్క జాక్వెలిన్. ఆవిడా ఎస్‌ఓఈ ఏజెంటే. 1982లో అక్క పోయాక ఆ ఫ్లాట్ తలుపు తట్టాల్సిన బాధ్యత ఎవరిదో ఏ శీర్షికా అడగలేదు.

సెప్టెంబర్ 21న అంత్యక్రియలకు ఇటలీ నుంచి మేనకోడలు వచ్చింది. చర్చి నిండా జనం, జెండాలు పట్టుకున్న మాజీ సైనికులు. పతకాలు మరో సొరుగులో ఉండి కనిపించకపోతే కౌన్సిల్ ఉద్యోగి ఒక్కడే ఉండేవాడు, ఖర్చు బిల్లు పట్టుకుని.