‘ప్లే హుకీ’ అందరి మాట కాదు

చైనాలో ఇంగ్లీషు నేర్చుకునేవారి మధ్య ఒక సలహా తెగ తిరుగుతుంటుంది. బడి ఎగ్గొట్టడాన్ని ‘ఎస్కేప్ క్లాస్’ అనకండి, ‘ప్లే ట్రూయంట్’ చచ్చిపోయిన మాట, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లంతా ‘ప్లే హుకీ’ అంటారు, దాని బదులు స్కిప్, కట్, మిస్ ఏది వాడినా ఒకటే అని. మొదటి ముక్క నిజమే. బడి ఎగ్గొట్టడాన్ని చైనీస్‌లో ‘థావ్‌ఖ’ అంటారు, అందులోని ‘థావ్’కు పారిపోవడమని అర్థం కాబట్టి పిల్లలు ‘ఎస్కేప్’ అనేస్తారు, అది అతకదు. మిగతా సలహా నమ్మదగింది కాదు.

హుకీ అమెరికా మాట. 1848 నాటి ఒక అమెరికన్ పదాల నిఘంటువు దాన్ని ముఖ్యంగా న్యూయార్క్ బడిపిల్లల మాటగా నమోదు చేసింది. ఇప్పుడు అక్కడ కూడా దానికి తాతల కాలపు వాసన వచ్చేసింది. కుర్రకారు స్కిప్, కట్, డిచ్ అంటారు. ఇంగ్లండ్‌లో ‘బంక్ ఆఫ్’, ‘స్కైవ్’, ఆస్ట్రేలియాలో ‘వ్యాగ్’, ఐర్లండ్, వేల్స్‌లలో ‘మిచ్’. (మన కాలేజీలు ‘బంక్’ పక్కనున్న ‘ఆఫ్’ను కత్తిరించి ‘కొట్టడం’ తగిలించుకున్నాయి.)

ట్రూయంట్ చచ్చిపోలేదు. కబుర్లలో వినపడకపోవచ్చు గానీ, అమెరికా రాష్ట్రాల చట్టాల్లో ‘ట్రూయన్సీ’ నిక్షేపంగా ఉంది. పిల్లవాణ్ణి అక్కడి బడిలో చేర్చిన తల్లిదండ్రులకు నోటీసు వస్తే అందులో కనిపించేది హుకీ కాదు.

అన్నిటికంటే నష్టం చేసేది ‘ఏది వాడినా ఒకటే’ అన్న మాట. సెలవు అడిగి మానేస్తే ‘ఛింగ్‌జ్యా’, చెప్పకుండా మానేస్తే రికార్డుల్లో ‘ఖ్వాంగ్‌ఖ’, స్నేహితుల మధ్య ‘థావ్‌ఖ’, ‘ఛ్యావ్‌ఖ’ అని చైనీస్ ఇంత వివరంగా విడదీస్తుంది. ఇంగ్లీషుకు ఆపాటి వివేకం లేదనుకోవడం ఎందుకు? జ్వరంతో మంచం పట్టినా, బస్సు తప్పిపోయినా ‘మిస్’ అంటారు. అందులో తప్పొప్పుల ప్రసక్తి లేదు. ‘స్కిప్’ అంటే కావాలనే ఎగ్గొట్టడం. జ్వరం వచ్చిన విద్యార్థి ప్రొఫెసర్‌కు ‘నిన్న మీ క్లాసు స్కిప్ చేశాను’ అని ఉత్తరం రాస్తే నేరం ఒప్పుకున్నట్టే; ఆ తర్వాత జ్వరం సంగతి ఎంత చెప్పుకున్నా సాకులాగే వినిపిస్తుంది. ‘కట్’ కూడా కావాలని చేసేదే, కానీ ఎక్కువగా ఒక్క పీరియడ్‌కు సరిపోతుంది. లెక్కల క్లాసు ఒక్కటి ఎగ్గొట్టి తర్వాతి పీరియడ్‌కు బుద్ధిగా వచ్చి కూర్చున్నవాణ్ణి హుకీ ఆడాడంటే నప్పదు. హుకీకి పగలంతా బయట తిరగాలి.