ఆ పొగడ్త చాటున ఆకలి

నాలుగు కిలోలు తగ్గిన అమ్మాయికి ఇంటా బయటా వినిపించే మాట ఒక్కటే: ‘సన్నబడ్డావు, భలే ఉన్నావు’. ఎలా తగ్గావని ఎవరూ అడగరు. కంచంలో ఉన్నదాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి అటూ ఇటూ జరపడం, బయట తినేసి వచ్చానంటూ లేచిపోవడం, తిన్న వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్లి చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పేయడం ఎవరి కంటా పడవు. పడినా డైటింగ్ అనుకుని ఊరుకుంటాం. లావవుతామన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా, అతిగా తినేసి దాన్ని వాంతి చేసుకునే బులీమియా ఇలా మన పొగడ్తల చాటునే ముదురుతాయి.

ఇవి జబ్బులు. వయసు తెచ్చిన పంతమో, అందం మీద పిచ్చో కాదు. విలియం గల్ అనే వైద్యుడు అనొరెక్సియా నెర్వోసాకు ఆ పేరు పెట్టి 150 ఏళ్లు దాటింది. మానసిక రుగ్మతల్లో ఎక్కువగా ప్రాణాలు తీసేవాటిలో అది ఒకటి. పదేపదే వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. పైకి చూస్తే మనిషి బొద్దుగానే ఉండొచ్చు, కాబట్టి బరువు మామూలుగానే ఉందని ధీమా పడటానికి లేదు.

‘కడుపు నిండా తింటే అదే పోతుంది’ అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలపాటు అర్ధాకలి తిండి పెట్టి పరిశీలించారు. వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు, చిన్నదానికీ చిరాకుపడ్డారు, దిగులులో కూరుకుపోయారు. ఆకలే మనసును అంతగా మెలిపెడుతుంది. అందులో చిక్కుకున్న పిల్లను తిట్టి తినిపించలేం. వైద్యం కావాలి, పక్కన ఓపిగ్గా కూర్చునే ఇంటివాళ్లు కావాలి.

లావవుతామన్న ఈ భయం ఎక్కడి నుంచి వస్తుందో ఫిజీ దీవుల్లో కనిపించింది. నిండుగా ఉన్న ఒంటినే మెచ్చుకునే ఆ సమాజంలోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామని అప్పుడు బడి ఆడపిల్లల్లో ఒక్కరూ చెప్పలేదు. 1998లో అడిగితే నూటికి 11 మంది చెప్పారు. అదీ, ఇంట్లో ఒక మూలనున్న టీవీతో. ఇప్పుడు తెర చేతిలోనే ఉంది, పిల్లలకు వాళ్ల ముఖాన్నే నున్నగా చెక్కి చూపిస్తోంది.

మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో దిద్దిన ప్రకటన ఫొటోల కింద ఆ విషయం రాయాలని ఫ్రాన్స్ 2017లో నిబంధన తెచ్చింది. మంచిదే, కానీ అలాంటి చీటీ చూసినంత మాత్రాన పోలిక ఆగదు. అమ్మాయిలే గుంపుగా కూర్చుని ఈ ‘సన్నదనం’ వల్ల ఎవరికి లాభం, తమకేం నష్టం అని స్వయంగా వాదించే పద్ధతి ఫలితాలిస్తోందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ స్టైస్ బృందం చేసిన అధ్యయనాలు చూపించాయి. మనం దంచే ఉపన్యాసం కన్నా తన నోటితో తను చెప్పిన మాట అమ్మాయి మనసులో నాటుకుంటుంది.

పెద్దలు చేయగలిగింది ఇంకా తేలిక. పిల్ల ఎదుట తమ ఒంటిని తాము తిట్టుకోవడం మానాలి. ‘ఒళ్లు చేశావేంటి’ అనే పలకరింపూ మానాలి. పత్రికలుగా మేమూ బరువు తగ్గించే ప్రకటనలు అచ్చేసే ముందు ఆలోచించాలి. బడిలో బరువు చూడాల్సి వస్తే ఒక్కొక్కరినే విడిగా గదిలోకి పిలవాలి, అంకె పైకి చదవకుండా రాసుకోవాలి.