సైన్సు టీచరుకు ఇంకో వీడియో ఇస్తే సరిపోతుందా?

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠం వీడియో వచ్చేస్తుంది. దీక్షా మొదలైంది 2017లో. ఆంధ్రప్రదేశ్‌లో చాలా హైస్కూళ్లలో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు బిగించారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. లెక్కల సార్లకు బొమ్మలు, గ్రాఫులు గీసి చూపించే జియోజెబ్రా సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. అయినా చాలా బళ్లలో ప్రయోగమంటే ఇప్పటికీ బోర్డు మీద బొమ్మ గీసి నోట్సు రాయించడమే. ఎందుకని?

ఈ సామగ్రిలో ఎక్కువ భాగం పిల్లలకు పాఠం చెప్పేస్తుంది. ఆ పాఠాన్ని తరగతిలో నడిపించాల్సిన టీచరుకు మాత్రం పెద్దగా సాయపడదు. సమస్య అక్కడే ఉందని నా అభిప్రాయం.

విద్యుత్ వలయం పాఠమే తీసుకుందాం. బ్యాటరీ, టార్చి బల్బు, ఒకే ఒక్క తీగ ముక్క ఇచ్చి వెలిగించమంటే, తీగను బ్యాటరీకీ బల్బు అడుగుకూ తగిలించి ఎదురుచూసే పిల్లలు చాలామంది ఉంటారు. పంపులోంచి నీళ్లు వచ్చినట్టు కరెంటు ఒకవైపు నుంచి వస్తే చాలనుకుంటారు. బల్బుకు అడుగున ఒక కొన, పక్కనున్న లోహపు తొడుగు ఇంకో కొన అని వాళ్లకు ఎవరూ చూపించి ఉండరు. తర్వాత రెండు బల్బుల్ని శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపితే ఇంకో చిక్కు వస్తుంది. మొదటి బల్బు కరెంటు కొంత తినేస్తుంది కాబట్టి రెండోది మసకగా వెలుగుతుందని పిల్లలు ముందే అనుకుంటారు. బజారులో కొన్న బల్బులు అన్నీ ఒకేలా ఉండవు కదా, ఒక్కోసారి రెండోది నిజంగానే మసకగా వెలుగుతుంది! తప్పుడు ఊహకు ప్రయోగమే సాక్ష్యం పలికినట్టవుతుంది.

అప్పుడు టీచరు ఏం చేయాలి? రెండు బల్బుల స్థానాలు మార్చి చూపించాలి. మసక బల్బు మొదటి స్థానంలోనూ మసకగానే వెలిగితే, తేడా బల్బుదే, వరసది కాదని పిల్లలే చెప్పేస్తారు. ఆ తర్వాత ఫెట్ తెరిస్తే, బల్బుకు ముందూ వెనకా ఎలక్ట్రాన్లు ఒకే వేగంతో కదలడం కనిపిస్తుంది. ఆ వరసలో వాడితేనే సిమ్యులేషన్‌కు విలువ. ఈ చిన్న కిటుకు నిగనిగలాడే పాఠం వీడియోలో ఉండదు, ఎందుకంటే వీడియోలో ప్రయోగం ఎప్పుడూ ఫెయిల్ కాదు.

టీచరుకు ఇలాంటి సాయం చేసి చూపించినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. 1978కి జిల్లా అంతటా విస్తరించింది. 1982 నుంచి ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో సైన్సు బొమ్మల తయారీకి పేరొందిన అరవింద్ గుప్తా రేఖాగణిత ఆకృతులు చేయించింది అక్కడే. టీచర్లకు వేసవిలో శిక్షణ ఇచ్చి అంతటితో వదిలేయలేదు, తర్వాత నెలనెలా కూర్చోబెట్టేవాళ్లు. తరగతిలో ఏ ప్రయోగం తేలలేదో, పిల్లలు ఏం అడిగారో టీచర్లే చెప్పేవాళ్లు. పుస్తకాన్ని ఆ మాటలు విని తిరగరాశారు. పరీక్షలు కూడా పుస్తకం తెరిచి రాసేవే. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేయడం ఈ దేశ సైన్సు విద్యకు జరిగిన పెద్ద నష్టం.

మన దగ్గరా చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. అవి తరచూ సర్క్యులర్లు చదవడంతో, యాప్‌లో వివరాలు నింపే పనితో గడిచిపోతున్నాయని టీచర్లే వాపోతుంటారు. అందులో రెండు గంటలు పీఎస్ (భౌతిక, రసాయన శాస్త్రాలు), బయాలజీ, లెక్కల టీచర్లకు వదిలేయండి. వచ్చే నెల పాఠంలోని ప్రయోగాన్ని చేతులతో చేసి చూసుకోనివ్వండి. ఎక్కడ తేడా కొట్టిందో రాసుకున్న ఆ కాగితాలనే పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ తీసుకుని టీచర్ల కరదీపికలో అచ్చు వేయాలి. క్యూఆర్ కోడ్‌లు ఎన్ని స్కాన్లు అయ్యాయన్న లెక్క కంటే ఆ కాగితాలు వందరెట్లు పనికొస్తాయి.

ఇంకొకటి, ఇది డబ్బుతో సంబంధం లేనిది. బీకరు పగిలితే, బల్బు మాడితే స్టాక్ రిజిస్టరులో సంజాయిషీ రాయాల్సి వస్తుందన్న భయంతో చాలాచోట్ల ల్యాబ్ బీరువాకు తాళం తీయరు. పిల్లల చేతుల్లో పగిలిన సామాను ఏ ప్రశ్నా లేకుండా కొట్టివేసే అధికారం హెచ్‌ఎంకు ఇస్తూ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.